సిలిండరుకూ తుపాకీకీ మధ్య

సిలిండరు నిండా గ్యాసుంది. పొయ్యికి కావలసిందీ గ్యాసే. మరి మధ్యలో ఈ రెగ్యులేటర్ దేనికి? నేరుగా గొట్టం తగిలించేస్తే పోదా?

వంటింట్లో ఈ ప్రశ్న అడగని పిల్లలు అరుదు. పెద్దవాళ్లు చెప్పే జవాబు సాధారణంగా “ప్రమాదం, ముట్టుకోకు” అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. అసలు ఆ చిన్న పరికరం ఏం చేస్తుందో, అది పాడైతే ఏమవుతుందో, దాన్ని తేలిక చేయబోతే ఎక్కడ చిక్కొస్తుందో చెప్పడానికి నేను మిమ్మల్ని ఒక విచిత్రమైన చోటికి తీసుకెళ్తాను. అమెరికాలో ఒక చెరువు గట్టుకి. అక్కడ నడివయసు పెద్దమనుషులు మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, బొమ్మ యుద్ధనౌకలతో ఒకరి ఓడనొకరు నిజంగానే ముంచుకుంటూ ఉంటారు.

చెరువులో యుద్ధం

ఈ వ్యాపకం 1970ల చివర్లో టెక్సస్‌లో పుట్టింది. నియమాలు క్లబ్బును బట్టి కొంత మారతాయి గానీ ముఖ్యమైనవి ఇవి. ఓడ ఏదో ఒక దేశపు నౌకాదళంలో నిజంగా ఉన్నదై ఉండాలి, అదీ సుమారు 20వ శతాబ్దం మొదటి నుంచి రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఉన్న కాలానిది. దాన్ని 144వ వంతుకి తగ్గించి కట్టాలి. పక్కలకి బాల్సా చెక్క పలక, ఒక మిల్లీమీటరు కన్నా పల్చనిది, తొడగాలి. తుపాకులు మాత్రం అలంకారానికి కావు. 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గుళ్లను పేలుస్తాయి. గుండు తగిలితే బాల్సాకి చిల్లు పడుతుంది, చిల్లులోంచి నీళ్లొస్తాయి, లోపలి చిన్న పంపు తోడినంతసేపు తోడుతుంది, తర్వాత ఓడ మునుగుతుంది. యజమాని దాన్ని వెతికి పైకి తెచ్చి, ఆరబెట్టి, పక్క పలకలు అతికించుకుని మళ్లీ దింపుతాడు.

గుండుని తోసేది మందుగుండు కాదు, బొగ్గుపులుసు వాయువు. మన సోడాలో బుసబుసలాడే కార్బన్ డయాక్సైడే. ఓడ కడుపులో చిన్న సీసా ఉంటుంది, దాని మూతికి రెగ్యులేటర్, అక్కడి నుంచి సన్న గొట్టాలు తుపాకులకి. ‘ఫాస్ట్ గన్’ అనే పద్ధతిలో తుపాకీకి చేరే ఒత్తిడి 150 పీఎస్‌ఐ మించకూడదు. చదరపు సెంటీమీటరుకి పదిన్నర కిలోల బరువు మోపినంత అన్నమాట. కారు టైరులో కొట్టే గాలి 32 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది కదా, దానికి దాదాపు ఐదు రెట్లు.

బరువు సంగతి చూద్దాం. ఉదాహరణకి అఖిలీస్ అనే క్రూజర్‌ని తీసుకుందాం. మనకి కాస్త సంబంధమున్న ఓడే ఇది. 1939 డిసెంబరు 13న దక్షిణ అమెరికా తీరాన రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ల యుద్ధనౌక గ్రాఫ్ స్పీతో తలపడిన మూడు ఓడల్లో ఒకటి. 1948లో భారత నౌకాదళం దీన్ని కొని ఢిల్లీ అని పేరు పెట్టుకుంది. ఆ పోరాటం మీద 1956లో ఇంగ్లీషు సినిమా వచ్చినప్పుడు మన ఐఎన్ఎస్ ఢిల్లీయే తన పాత వేషం తానే వేసింది. అసలు ఓడ పొడవు 169 మీటర్లు, నిండా సామాను ఎక్కితే బరువు తొమ్మిది వేల టన్నుల పైమాట.

144వ వంతుకి తగ్గిస్తే పొడవు 117 సెంటీమీటర్లు. బాగానే ఉంది. కానీ బరువు 144వ వంతుకి తగ్గితే సరిపోదు. పొడవూ, వెడల్పూ, లోతూ మూడూ 144 రెట్లు తగ్గాయి కాబట్టి నీటిని తోసే పరిమాణం దాదాపు ముప్ఫై లక్షల రెట్లు తగ్గుతుంది. తొమ్మిది వేల టన్నులు కాస్తా మూడు కిలోలైపోయాయి. ఆ మూడు కిలోల్లోనే ఓడ చట్రం, మోటార్లు, బ్యాటరీ, రేడియో, పంపు, తుపాకులు, గ్యాసు సీసా, రెగ్యులేటర్ అన్నీ ఇమడాలి. రెండు వేల టన్నుల డిస్ట్రాయర్ బొమ్మ కట్టాలనుకునేవాడి గతి ఇంకా ఘోరం, వాడికి దక్కేది 670 గ్రాములు. బీరు పీపాలకి వాడే, ఒత్తిడి చూపే మీటర్లు రెండున్న ఇత్తడి రెగ్యులేటర్ ఒక్కటే అంతకంటే ఎక్కువ తూగుతుంది.

అందుకే ఈ వ్యాపకంలోకి వచ్చిన ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న “అన్నిటికన్నా తేలికైన రెగ్యులేటర్ ఏది?” అని. అది రెండో ప్రశ్న కావాలంటాను నేను. కారణం చెప్పాలంటే ముందు సీసాలో ఏముందో చూడాలి.

సీసాలో ఉన్నది ద్రవం

వంటగ్యాసు సిలిండరుని కదిపితే లోపల గలగలమంటుంది. ఉన్నది ఎక్కువగా ద్రవమే, పైన కొంచెం ఆవిరి. పొయ్యి వెలిగించినప్పుడు ఆ ఆవిరి పోతుంది, ద్రవంలో కొంత మరిగి ఆ ఖాళీ నింపుతుంది. అందుకే నిండు సిలిండరులోనూ, సగమైపోయిన సిలిండరులోనూ ఒత్తిడి ఒక్కటే. ఎంత మిగిలిందో ఒత్తిడి చూసి చెప్పలేం, తూచి తెలుసుకోవలసిందే. సిలిండరు మీద ఖాళీ బరువు ముద్రించేది అందుకే.

బొమ్మ ఓడలోని సీసాదీ ఇదే కథ. తేడా అంకెల్లో ఉంది. వంటగ్యాసు సిలిండరులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి ఐదారు కిలోల చుట్టుపక్కల. కార్బన్ డయాక్సైడు సీసాలో, 20 డిగ్రీల వేడిమి దగ్గర, 57 కిలోలు. పీఎస్‌ఐలో చెప్పాలంటే 800 పైన. అదే సున్నా డిగ్రీలకి చల్లబడితే 35కి పడిపోతుంది, 30 డిగ్రీలకి వేడెక్కితే 70 దాటుతుంది. అంటే ఆ ఒత్తిడి మన చేతుల్లో లేదు, వాతావరణం చేతుల్లో ఉంది. పొద్దున చల్లటి గట్టు మీద ఒకలా, మధ్యాహ్నం ఎండలో ఒకలా.

31 డిగ్రీలు దాటితే ఇంకో వింత. ఆ పైన కార్బన్ డయాక్సైడు ఎంత నొక్కినా ద్రవంగా ఉండదు. ద్రవం, ఆవిరి అన్న భేదమే పోయి సీసా నిండా ఒకే చిక్కటి వాయువు అయిపోతుంది. అక్కడి నుంచి వేడి పెరిగిన కొద్దీ ఒత్తిడి ఎంత వేగంగా ఎగబాకుతుందన్నది సీసా ఎంత నింపామన్న దాన్ని బట్టి. అందుకే సీసాలో పట్టే నీటి బరువులో మూడింట రెండు వంతుల దాకానే గ్యాసు నింపాలి. “ఇంకొంచెం పట్టేలా ఉందే” అని కూరితే, ఆ సీసాని ఎండలో నిలిపిన కారులో వదిలేసినప్పుడు దాని సంగతి బయటపడుతుంది. మంచి సీసాల వాల్వులో ఒక చిన్న రాగి బిళ్ల ఉంటుంది. ఒత్తిడి హద్దు మీరితే సీసాకన్నా ముందు ఆ బిళ్ల పగిలి గ్యాసు వదిలేస్తుంది. దాన్ని బర్స్ట్ డిస్క్ అంటారు. అది పగిలిందని విసుక్కుని, మందమైన బిళ్ల వేసేవాళ్లు కూడా లోకంలో ఉన్నారు. అలాంటివాళ్ల పక్కన నిలబడకండి.

స్ప్రింగుకీ గ్యాసుకీ తూకం

రెగ్యులేటర్ లోపల మూడే మూడు ముఖ్యమైన భాగాలు. ఒక స్ప్రింగు. దానికి ఎదురుగా కదిలే ఒక ముషలకం (పిస్టన్), లేదా రబ్బరు పొర. దానితో పాటు కదులుతూ ఒక సన్న రంధ్రాన్ని మూసే తెరిచే చిన్న మూత.

స్ప్రింగు మూతని తెరిచి ఉంచాలని చూస్తుంది. సీసా వైపు నుంచి గ్యాసు రంధ్రంలోంచి దూరి అవతలి గదిలోకి వస్తుంది. అక్కడ ఒత్తిడి పెరిగిన కొద్దీ ముషలకాన్ని వెనక్కి నెడుతుంది. ముషలకం వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, స్ప్రింగు బలం పదిన్నర కిలోలు అనుకుందాం. గదిలో ఒత్తిడి పదిన్నర కిలోలకి చేరగానే రెండూ సమానం, మూత పడుతుంది. తుపాకీ పేలి గదిలో గ్యాసు తగ్గితే స్ప్రింగుది పైచేయి, మూత మళ్లీ తెరుచుకుంటుంది. పైనున్న మర తిప్పితే స్ప్రింగు బిగుసుకుంటుంది, బయటికి వచ్చే ఒత్తిడి పెరుగుతుంది. ఇంతే. కరెంటు లేదు, మెదడు లేదు, తూకం తప్ప ఇంకేమీ లేదు. వంటింటి రెగ్యులేటర్ కూడా ఇదే పని చేస్తూ ఐదారు కిలోల ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకి 30 గ్రాములకి దించుతుంది.

ఈ తూకంలో మూడో చెయ్యి ఒకటుంది, దాన్ని మర్చిపోతాం. సీసా వైపు గ్యాసు కూడా ఆ చిన్న మూతని నొక్కుతూనే ఉంటుంది. రంధ్రం అడ్డకొలత రెండు మిల్లీమీటర్లే అనుకోండి. దాని మీద 57 కిలోల ఒత్తిడి పడితే తోపు సుమారు ఒక కిలో ఎనిమిది వందల గ్రాములు. ఎడాపెడా కాల్చి సీసా సున్నా డిగ్రీలకి చల్లబడిందనుకోండి, ఆ తోపు ఒక కిలో వంద గ్రాములకి పడిపోతుంది. ఏడు వందల గ్రాముల తేడా ఎక్కడికి పోతుంది? స్ప్రింగూ ముషలకమూ పంచుకోవాలి. ఒక చదరపు సెంటీమీటరు ముషలకమైతే బయటి ఒత్తిడి 10 పీఎస్‌ఐ మారిపోతుంది. నిర్మాణాన్ని బట్టి కొన్నిట్లో తగ్గుతుంది, కొన్నిట్లో పెరుగుతుంది. 150 దగ్గర పెట్టుకున్నది 160 కావచ్చు. అదే నాలుగు చదరపు సెంటీమీటర్ల పొర ఉన్న రెగ్యులేటర్ అయితే తేడా రెండున్నర పీఎస్‌ఐతో సరి.

అంటే పెద్ద పొర నిలకడనిస్తుంది. పెద్ద పొరకి పెద్ద ఒళ్లు కావాలి, పెద్ద ఒళ్లు బరువు. బొటనవేలంత రెగ్యులేటర్ కొని ఆదా చేసిన బరువుకి ధర ఇక్కడ కడతాం. ఇది తయారీదారు లోపం కాదు, లెక్కే అంత. ఇత్తడి బదులు అల్యూమినియం ఒళ్లున్నది ఎంచుకోవడం మాత్రం న్యాయమైన ఆదా. అదే కొలతకి అల్యూమినియం మూడో వంతు బరువే తూగుతుంది. అలాగే ఒత్తిడి చూపే గుండ్రటి మీటరుని ఓడలో మోయనక్కర్లేదు. గొట్టంలో చిన్న కలుపుడు మూతి ఒకటి ఉంచితే, తనిఖీ వేళ మీటరు తగిలించి చూసి తీసేయవచ్చు.

పడుకోబెట్టిన సీసా

వంటగ్యాసు సిలిండరుని పడుకోబెట్టి వాడకూడదని అందరికీ తెలుసు. పడుకోబెడితే రెగ్యులేటర్ వైపు ఆవిరి బదులు ద్రవం వస్తుంది. బొమ్మ ఓడ కట్టేవాడికి ఆ సంగతి తెలిసినా పడుకోబెట్టక తప్పదు. ఎందుకంటే మన అఖిలీస్ నీళ్లలో మునిగి ఉండే లోతు నాలుగు సెంటీమీటర్లు. సీసా నిలువునా పెడితే పొగగొట్టాల కన్నా పైకి తేలుతుంది, బరువు పైనుంటే ఓడ మొదటి మలుపులోనే బోర్లా పడుతుంది. కాబట్టి సీసా ఓడ అడుగున, మధ్య గీత మీద, పడుకునే ఉండాలి.

ద్రవం రెగ్యులేటర్ దాటితే ఏమవుతుందో ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం. అసలు ప్రమాదం అంతా ఇందులోనే ఉంది. ఒత్తిడి 57 నుంచి పదిన్నరకి పడేసరికి ద్రవంలో కొంత ఒక్కసారిగా ఆవిరై, మిగతాదాన్ని సున్నాకి దిగువన 35, 40 డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. ఆ చలికి రబ్బరు వాషర్లు కట్టెల్లా బిగుసుకుంటాయి. తుపాకీ గొట్టంలోంచి గుండుతో పాటు తెల్లటి మంచుపొడి ఎగిరిపడుతుంది. కార్బన్ డయాక్సైడు మామూలు గాలి ఒత్తిడి దగ్గర ద్రవంగా ఉండలేదు, గడ్డకట్టడమో ఆవిరి కావడమో చేస్తుంది. చూసేవాళ్లకి అది ముచ్చటే. కట్టినవాడికి మాత్రం అదొక హెచ్చరిక.

అంతకన్నా పెద్ద చిక్కు తుపాకీ కాల్చడం ఆపాక మొదలవుతుంది. రెగ్యులేటర్ దాటి గొట్టంలోకి వచ్చిన ద్రవం అక్కడే చిక్కుకుపోయింది. ఇటు రెగ్యులేటర్ మూత పడి ఉంది, అటు తుపాకీ వాల్వు మూసి ఉంది. చెరువు నీళ్ల వెచ్చదనానికి ఆ ద్రవం మెల్లగా మరుగుతుంది. ఇప్పుడు రెగ్యులేటర్ సరిగ్గా పనిచేస్తున్నా చేసేదేమీ లేదు. గ్యాసు దాని అవతల ఉంది. తగినంత ద్రవం చిక్కితే, 150 కోసం ఎంచుకున్న గొట్టంలో ఒత్తిడి సీసాలో ఉన్నంతకీ ఎక్కగలదు.

కాబట్టి రెండు ఏర్పాట్లు తప్పనిసరి. సీసా లోపల వాల్వుకి ఒక వంపు గొట్టం బిగిస్తారు. సీసా పడుకున్నప్పుడు ఆ గొట్టం కొస పైన ఆవిరి ఉన్న చోట ఉంటుంది. సీసా ఏ పక్క పైకి ఉండాలో ఒక గీత గీసుకుని ఎప్పుడూ అలాగే పెట్టాలి. పక్కకి దొర్లితే ఆ గొట్టమే ద్రవంలో మునుగుతుంది. నిండా నింపకుండా ఉంటే ఇంకా మేలు.

రెండోది రిలీఫ్ వాల్వు, ఒత్తిడి హద్దు దాటితే తనంతట తానే తెరుచుకునే చిన్న కవాటం. ఓడ మునిగేటప్పుడు ముక్కు కిందికి వాలుతుంది, అప్పుడు వంపు గొట్టం ఉన్నా ద్రవం రావచ్చు. అందుకే వంపు గొట్టం ఉందని రిలీఫ్ వాల్వు మానేయకూడదు. దాన్ని పెట్టే చోటు కూడా ముఖ్యమే. రెగ్యులేటర్ దాటగానే, మొదటి కుళాయి కన్నా ముందు ఉండాలి. మధ్యలో మూసుకునేది ఏదీ ఉండకూడదు. ఇంకో మాట: రెగ్యులేటర్ మూత పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుపోతే ఎంత గ్యాసు దూసుకొస్తుందో అంతా వదలగలిగినంత పెద్ద రంధ్రం దానికుండాలి. సన్న రంధ్రం ఉన్న రిలీఫ్ వాల్వు బుస్సుమని చప్పుడు చేస్తూనే ఉంటుంది, ఒత్తిడి మాత్రం ఎక్కుతూనే ఉంటుంది.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

రెగ్యులేటర్ మీద రెండు అంకెలుంటాయి. అందరూ చూసేది బయటికి వచ్చే ఒత్తిడి. ముందు చూడాల్సింది లోపలికి తీసుకోగల ఒత్తిడి. కార్ఖానాల్లో గాలి గొట్టాలకి వాడే రెగ్యులేటర్లు అరచేతిలో పట్టేంత చిన్నవి, తేలిక, చవక. కానీ చాలా వాటి లోపలి హద్దు 300 పీఎస్‌ఐ లోపే. 800 పీఎస్‌ఐ సీసాకి దాన్ని నేరుగా బిగించడమంటే కావాలని బాంబు చేసుకోవడమే. బీరు రెగ్యులేటర్లు లోపలి ఒత్తిడిని తట్టుకుంటాయి గానీ బయటికి ఇచ్చేది మామూలుగా 60 దగ్గర ఆగుతుంది, పైగా బరువు. వెల్డింగు వాళ్లవి నిమిషానికి ఎన్ని లీటర్లన్న లెక్క మీద నడుస్తాయి, మన పనికి కుదరవు. చివరికి మిగిలేవి రంగు గుళ్ల ఆట, పెయింట్‌బాల్ తుపాకుల కోసం చేసిన రెగ్యులేటర్లు. కార్బన్ డయాక్సైడు సీసా ఒత్తిడికే తయారైనవి, అల్యూమినియంతో చేసినవి, కావలసిన 150 దగ్గరికి దిగేవి వాటిలో దొరుకుతాయి. నా ఓటు వాటికే.

వాషర్ల రబ్బరు ఏ రకమో అడగండి. మామూలు నల్ల నైట్రైల్ రబ్బరు కార్బన్ డయాక్సైడుని పీల్చుకుని ఉబ్బుతుంది, ఒత్తిడి హఠాత్తుగా తీసేస్తే లోపల చిక్కిన గ్యాసు బొబ్బలు కట్టి రబ్బరుని చీలుస్తుంది. పాలీయురిథేన్ వాషర్లు దీన్ని బాగా తట్టుకుంటాయి.

బిగించాక ఒక పరీక్ష. గ్యాసు తెరిచి, 150 దగ్గర పెట్టి, తుపాకులు ముట్టుకోకుండా మీటరు వంక చూస్తూ పది నిమిషాలు కూర్చోండి. ముల్లు కదలకూడదు. మెల్లగా పైకి పాకుతోందంటే మూత సరిగ్గా పడటం లేదు. రంధ్రం అంచున ఇసుక రేణువో, గాటో ఉంది. మర వెనక్కి తిప్పి ముల్లుని 150కి దించి సరిపెట్టుకునేవాళ్లున్నారు. అది రోగం మానడం కాదు. విప్పి శుభ్రం చేయాలి, మూత మార్చాలి. ఓడ మునిగిన ప్రతిసారీ స్ప్రింగు గదిలోకి చెరువు నీళ్లు, బురద చేరతాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కసారితో తీరేది కాదు.

సీసా విప్పేటప్పుడు జరిగే ప్రమాదం రెగ్యులేటర్‌ది కాకపోయినా చెప్పక తప్పదు. సీసాకి వాల్వు ఒక మర, వాల్వుకి రెగ్యులేటర్ ఇంకో మర. రెండోది తిరగాల్సిన చోట మొదటిది తిరిగిందంటే, నిండు సీసా నుంచి వాల్వు ఊడి సీసా రాకెట్టులా ఎగురుతుంది. పెయింట్‌బాల్ ఆటలో అమెరికాలో ఇలా ప్రాణాలు పోయాయి. దీనికి మందు చాలా చవక: వాల్వు మీంచి సీసా మీదికి గోళ్లరంగుతో ఒకే గీత గీయండి. విప్పేటప్పుడు ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతోందంటే తక్షణం చెయ్యి తీసేయండి. సీసాని తల మీదికీ, మనుషుల మీదికీ గురిపెట్టకుండా దూరంగా పెట్టి, అనుభవమున్నవాళ్లని పిలవండి.

అమెరికాలో ఉన్న మన కుటుంబాల్లో పిల్లలు ఈ ఆట చూసి ముచ్చటపడితే వద్దనకండి. నీటి మీద తేలడం, బరువు తూకం, కరెంటు, వాయువుల తీరు, ఇన్ని పాఠాలు ఒక్క బొమ్మలో నేర్పే బడి ఇంకోటి దొరకదు. కానీ మొదటి ఓడ కట్టకముందే ఆ ఊరి క్లబ్బు వాళ్ల చెరువు గట్టున ఒక రోజు గడపండి, రెగ్యులేటర్ కొనే ముందు వాళ్లకి చూపించండి, రిలీఫ్ వాల్వు లేకుండా సీసాని ఓడలో పెట్టనివ్వకండి. గట్టు మీద నిలబడేది చూడ్డానికే అయినా, మీరూ పిల్లలూ కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి.